మోకాలు ఆపరేషన్ తర్వాత ఫిజియో: వీడియోలోనా, మనిషి ఇంటికొచ్చా? నా అనుభవం

మోకాలు మార్పిడి చేయించుకున్నవాళ్ళని అడిగితే అందరూ ఆపరేషన్ గురించే చెప్తారండి. డాక్టరెవరు, ఎంతయింది, ఎన్నాళ్ళకి నడిచారు, అంతే. ఆ తర్వాత మూడు నెలలు మంచం మీద, కుర్చీలో, మెట్ల దగ్గర ఏం జరుగుతుందో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మా తోడికోడలు హైదరాబాద్‌లో రెండు మోకాళ్ళూ ఒకేసారి చేయించుకుంది, ఆవిడ కూడా "ఫిజియో బాగా చెయ్యాలక్కా" అని ఊరుకుంది. నాకు వీడియోలో ఫిజియో, మనిషి ఇంటికొచ్చి చేయించే ఫిజియో రెండూ జరిగాయి. కావాలని రెండూ పెట్టుకోలేదు, అలా వచ్చిపడింది. దేనికి ఏది పనికొస్తుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు కాబట్టి ఆపరేషన్‌కి డేట్ తీసుకుని కూర్చున్నవాళ్ళ కోసం వివరంగా రాస్తున్నాను, కొంచెం పొడుగైనా చదవండి.

నాకు 63. టీచర్‌గా చేసి రిటైరయ్యాను, మాది పాలకొల్లు. ఎడమ మోకాలు ఐదారేళ్ళుగా నొప్పి, కుడిది కూడా అదే దారిలో ఉంది. 2024 నవంబర్‌లో విజయవాడలో ఎక్స్‌రే చూసి డాక్టర్ గారు "ఎముకకి ఎముక రాసుకుంటోందమ్మా, ఇంక ఇంజక్షన్లతో లాభం లేదు" అన్నారు. డిసెంబర్‌లోనే చేయించేద్దాం అనుకున్నాం కానీ ముందు టెస్టుల్లో పంటి దగ్గర ఆగింది. రక్తం, యూరిన్ కల్చర్, ఈసీజీ, టూడీ ఎకో ఇవన్నీ ఉంటాయని తెలుసు, పళ్ళ డాక్టర్ దగ్గరికి కూడా పంపుతారని నాకు తెలీదు. వెనక పన్నులో చీము ఉంది, అది నయమైతే గానీ కొత్త కీలు పెట్టం, నోట్లో ఇన్ఫెక్షన్ రక్తంలోంచి కీలులోకి వెళ్ళొచ్చు అన్నారు. రూట్ కెనాల్, యాంటీబయాటిక్ కోర్సు, అలా రెండు మూడు వారాలు పోయాయి. మీరు డేట్ తీసుకోకముందే పళ్ళు చూపించేసుకోండి.

సంక్రాంతికి పిల్లలొచ్చి వెళ్ళాక 2025 జనవరి 20, సోమవారం ఆపరేషన్. ప్యాకేజీ 2,15,000. కొత్త కీలు ధర కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులో కట్టడి చేసింది, అప్పుడు మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, జీఎస్టీ వేరే. అంటే బిల్లులో పెద్ద భాగం కీలు కాదు, మిగతావి. డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆ కీలు డబ్బా మీది స్టిక్కర్లు ఫైల్లో అతికించి ఇస్తారు, అవి పారేయకండి, ఇన్సూరెన్స్‌వాళ్ళు అడుగుతారు.

ఆపరేషన్ గురించి నేను చెప్పేది పెద్దగా లేదు. నడుముకి మత్తు ఇంజక్షన్ ఇచ్చారు, సుత్తి చప్పుడు వినపడింది, నొప్పి తెలీలేదు. మర్నాడు పొద్దున్నే వాకర్ ఇచ్చి నిలబెట్టారు. నాలుగడుగులు వేశాను. ఆ రోజు ఉన్నంత ధైర్యం తర్వాత రెండు వారాల్లో ఒక్కరోజు కూడా లేదు, ఎందుకంటే ఆ మొదటి రోజు నొప్పి తెలీకుండా నరానికి ఇచ్చిన మందు ఇంకా పనిచేస్తూ ఉంటుంది. అది దిగిపోయాకే అసలు నొప్పి.

డిశ్చార్జి 24న. అప్పుడే ఫిజియో సంగతి మాట్లాడారు. "మీది దూరం కదా, మా ఫిజియో అమ్మాయే వీడియోలో రోజూ చేయిస్తుంది, మీరు ఊళ్ళో ఎవర్నీ వెతుక్కోక్కర్లేదు" అని ఒక నెలకి 9,000 చెప్పారు. పాలకొల్లు నుంచి విజయవాడ కారులో మూడు గంటలు, కాలు మడిచి కూర్చోలేను, చాచి కూర్చుంటే వాచిపోతుంది. మాకు ఆ మాట దేవుడి మాటలా వినపడింది. వెంటనే కట్టేశాం.

25 నుంచి వీడియో మొదలు. ఫిజియో అమ్మాయి చాలా మంచి పిల్ల, ఓపిక ఉంది, "అమ్మా, ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని చేయిస్తుంది. పాదం పైకీ కిందకీ ఆడించడం, తొడ కండ బిగించి వదలడం, మడమ మంచం మీద జరుపుతూ మోకాలు వంచడం, కాలు తిన్నగా ఎత్తడం. ఇవే మొదట్లో. ఎంత చిన్నవో వినడానికి! ఆ కాలు తిన్నగా జానెడు ఎత్తడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, "ఎత్తు" అని మనసులో అనుకుంటే కాలు వినదు. ఆ నిస్సహాయత నేను ఊహించలేదు, మా వారు చూస్తుండగానే ఏడ్చేశాను.

వీడియోకి ఇంట్లో ఏం కావాలో ఎవరూ ముందు చెప్పరు. ఫోన్ మంచానికి పక్కగా, మోకాలి ఎత్తులో ఉండాలి, ఎదురుగా పెడితే మోకాలు ఎంత వంగిందో తెలీదు. మేం స్టూల్ మీద బియ్యం డబ్బా పెట్టి దానికి ఆనించాం. మా పడగ్గదిలో సిగ్నల్ సరిగ్గా ఉండదు, సగంలో బొమ్మ ఆగిపోయేది, అందుకని మంచమే హాల్లోకి మార్చాల్సి వచ్చింది. హాల్లో అంటే వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు. చీర, నైటీ కట్టుకుని మోకాలు కనపడేలా కెమెరా ముందు కూర్చోవడం నా వయసులో ఎంత ఇబ్బందో చెప్పలేను. మా అమ్మాయి బెంగళూరు నుంచి మోకాలి పైదాకా ఉండే లూజు నిక్కర్లు పంపింది, తలుపు గడియ పెట్టుకుని చేసేదాన్ని. ఈ విషయంలో వీడియోలో ఆడపిల్ల దొరకడం నాకు పెద్ద ఊరట, మా ఊళ్ళో ఇంటికొచ్చే ఆడ ఫిజియో ఎంత వెతికినా దొరకలేదు.

జనవరి 31 సాయంత్రం పిక్క పట్టేసింది. గట్టిగా, వేడిగా, నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి. చూడ్డానికొచ్చిన బంధువులావిడ నువ్వుల నూనె వేడి చేసి రాస్తానని గిన్నె పట్టుకుని కూర్చుంది. అదృష్టం బావుండి మా వారు ఫిజియో అమ్మాయికి ఫోన్ చేశారు, అప్పటికి రాత్రి ఎనిమిది దాటింది, అయినా వీడియో ఆన్ చేసింది. రెండు పిక్కలూ పక్కపక్కన చూపించమంది, టేపుతో చుట్టుకొలత తీయమంది, ఆపరేషన్ కాలు రెండు సెంటీమీటర్ల పైనే ఎక్కువ వచ్చింది. "అమ్మా, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి, నూనె రాయొద్దు, మర్దన అసలు వద్దు, డాక్టర్ గారికి నేను చెప్తున్నాను, ఇవాళే డాప్లర్ తీయించండి" అంది. డాప్లర్ అంటే కాలి రక్తనాళాల్లో గడ్డ ఉందేమో చూసే స్కాన్. రక్తం గడ్డ కట్టి ఉంటే మర్దనకి అది కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చట. ఆ రాత్రే భీమవరం వెళ్ళి డాప్లర్ స్కాన్ తీయించాం, 1,800 అయింది. గడ్డ లేదు, ఆపరేషన్ వాపే కిందకి దిగింది అన్నారు. కారులో తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం మాట్లాడుకోలేదు, అంత భయపడ్డాం. ఇంటికొచ్చే ఫిజియో అయితే ఆ టైముకి దొరకడు, ఇది మాత్రం వీడియోకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఇంక అసలు సంగతి. ఫిబ్రవరి 4న కుట్టుకి వేసిన పిన్నులు తీయడానికి విజయవాడ వెళ్ళాం. పిన్నులు తీయడం చీమ కుట్టినంత కూడా లేదు, దానికి భయపడకండి. తర్వాత అక్కడి పెద్ద ఫిజియో గారు గోనియోమీటర్ అని కోణం కొలిచే స్కేల్ పెట్టారు. వంగడం 95 డిగ్రీలు వచ్చింది, బావుంది అన్నారు. వీడియోలో కూడా రోజూ "సూపరమ్మా, తొంభై వచ్చేసింది" అనే విన్నాను కాబట్టి నాకు ఆశ్చర్యం లేదు. తర్వాత కాలు చాచమన్నారు, మోకాలి కింద చెయ్యి పెట్టి చూసి ఆయన మొహం మారింది. పూర్తిగా తిన్నగా చాపడానికి ఇంకా 12 డిగ్రీలు తక్కువ ఉంది. నాకేమో కాలు తిన్నగానే ఉన్నట్టు అనిపిస్తోంది! "ఇది ఇప్పుడు రాకపోతే తర్వాత రావడం కష్టం అమ్మా. వంగడం లేటైనా వస్తుంది, చాపడం మాత్రం మొదటి ఆరు వారాల్లోనే రాబట్టుకోవాలి. లేకపోతే జీవితాంతం మోకాలు వంచి కుంటుతూ నడవాలి, తొడ కండ అలిసిపోతుంది" అన్నారు. బయటికొచ్చి కారిడార్‌లో కుర్చీలో కూర్చుని ఏడ్చాను. రోజుకి మూడుసార్లు చెప్పినవన్నీ చేసిన మనిషిని నేను.

ఎందుకిలా అయిందో ఆయనే అడిగి తెలుసుకున్నారు. రాత్రి ఎలా పడుకుంటున్నారు అన్నారు. వార్డులో మొదటి రాత్రే నొప్పికి ఏడుస్తుంటే ఆయా మోకాలి కింద దిండు పెట్టింది, ఎంత హాయిగా ఉందో, ఇంటికొచ్చాక కూడా మా వారు ప్రేమగా అదే పెట్టేవారు. ఆ దిండే కొంప ముంచింది. మోకాలి కింద దిండు పెడితే మోకాలు వంగే ఉంటుంది, రాత్రి ఎనిమిది గంటలు వంగి ఉన్న మోకాలు పగలు అరగంట ఎక్సర్‌సైజుకి చాపదు. పెట్టుకుంటే మడమ కింద పెట్టాలి, మోకాలి కింద ఎప్పుడూ పెట్టకూడదు. డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో ఎక్కడో ఉందట, నోటితో ఎవరూ చెప్పలేదు. వీడియోలో ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది? సెషన్ పగలు, దిండు రాత్రి. పైగా ఫోన్ బొమ్మలో వంగడం బాగా కనపడుతుంది, చాపడంలో పది డిగ్రీల తేడా కట్టు మీద, వాపు మీద, పరుపు గుంటలో అసలు కనపడదు. ఈ ఒక్క ముక్క కోసమే నేను ఇదంతా రాస్తున్నాను.

ఆరో తారీఖు నుంచి ఊళ్ళో ఒక ఫిజియో కుర్రాడిని పెట్టుకున్నాం, ఇంటికొచ్చి ముప్పావుగంట చేయిస్తే 500. వీడియో ప్యాకేజీలో మిగిలిన రోజులు ఆపి ఉంచమని అడిగితే సరేనన్నారు.

అతను వచ్చిన మొదటి రోజు చేసిన పని నాకు కళ్ళకి కట్టినట్టుంది. ముందు పరుపు తీయించి చెక్క మంచం మీద దుప్పటి వేయించాడు. నా మోకాలి కిందకి అరచెయ్యి దూర్చాడు, సులువుగా దూరిపోయింది, ఇంకో చెయ్యి కూడా పట్టేంత ఖాళీ. "టీచర్ గారూ, నా చెయ్యి బయటికి రాకుండా మోకాలితో నొక్కి పట్టుకోండి" అన్నాడు. బలమంతా పెట్టి నొక్కాను, అతను తాపీగా చెయ్యి లాగేసుకున్నాడు. రోజూ మొదట అదే. తర్వాత మోకాలి చిప్పని రెండు బొటనవేళ్ళతో పట్టుకుని పైకీ కిందకీ పక్కలకీ జరిపేవాడు, అది బిగుసుకుపోతే కాలు చాపదట. ఆ తర్వాత మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలు గాల్లో ఉండగా దాని పైభాగాన చెయ్యి వేసి మెల్లగా బరువు పెంచుకుంటూ పోయేవాడు. నేను "అబ్బా" అనగానే ఆపేవాడు కాదు, నా మొహం చూసేవాడు, పళ్ళు బిగించానా ఊపిరి బిగబట్టానా చూసి ఎక్కడ ఆపాలో తెలుసుకునేవాడు. ఇది ఫోన్‌లో కుదరదండి. ఆ బరువు ఎంత వెయ్యాలో చేతికి తెలియాల్సిందే. మనం చేసుకుందామంటే నొప్పికి ముందే ఆగిపోతాం.

రెండో వారం చివర్లో ఒక పొద్దున అతను చెయ్యి లాగబోయాడు, రాలేదు. మళ్ళీ లాగాడు. "పట్టేశారు టీచర్ గారూ!" అని వాడి సంతోషం చూడాలి, మా వారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు.

అంతా బావుందని కాదు. ఫిబ్రవరి అంటే మాఘమాసం, పెళ్ళిళ్ళు. పొద్దున 8కి వస్తానని 11కి వచ్చేవాడు, నేను నొప్పి మాత్ర వేసుకుని గంట ముందు నుంచి ఎదురుచూస్తుంటే అతను వచ్చేసరికి మాత్ర పని అయిపోయేది. రాని రోజులు కూడా ఉన్నాయి, ఫోన్ తీయడు. ఒకసారి వంచడంలో తొందరపడ్డాడు, ఆ రాత్రి మోకాలు ఉబ్బిపోయి తెల్లారేదాకా ఐస్ పెడుతూ కూర్చున్నాం, మర్నాడు పని జరగలేదు. శివరాత్రికి, 26న, క్షీరారామం గుడి మైకు ఇంట్లోకి వినపడుతుంటే నేను మడమ కింద తువ్వాలు పెట్టుకుని పడుకున్నాను, ఊళ్ళో ఉండి శివరాత్రికి గుడికి వెళ్ళకపోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

మార్చి 4న ఆరు వారాల చెకప్. చాపడంలో 3 డిగ్రీలు తక్కువ, వంగడం 110. డాక్టర్ గారు నవ్వారు. వంగడం బాగా తక్కువ ఉన్నవాళ్ళకి కొన్నిసార్లు మళ్ళీ మత్తు ఇచ్చి వంచుతారు, నా పక్కన కూర్చున్నాయనకి అదే రాశారు, ఆయన మొహం చూడలేకపోయాను.

అక్కడి నుంచి మళ్ళీ వీడియోకి మారాను, ఈసారి నేనే అడిగి. ఆ దశలో కావాల్సింది నడక, మెట్లు, బలం, అందులో ఆ అమ్మాయి నిజంగా గొప్పగా చేసింది. ఫోన్ పట్టుకుని ఇల్లంతా చూపించమంది. మా బాత్రూంకి జానెడు మెట్టు, గడప ఎత్తు, నేను కూర్చునే కుర్చీ పొట్టి, అన్నీ చూసింది. కుర్చీ కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టించింది, కమోడ్ మీద ఎత్తు సీటు బిగించుకోమంది, అది 1,600. మా ఇంటి మెట్ల మీదే నేర్పింది: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఇంటికొచ్చే అబ్బాయి మంచం దాటి ఎప్పుడూ ఆలోచించలేదు. ఒకరోజు వరండా చివర కింద ఫోన్ పెట్టించి నన్ను నడవమని రికార్డు చేసి నాకే పంపింది. చూసుకుంటే కాలికి కర్ర కట్టినట్టు మోకాలు వంచకుండా పక్కనుంచి తిప్పి వేస్తున్నాను! నాకు తెలియనే తెలీదు. మడమ ముందు ఆనించు, మోకాలు వంచి ఎత్తు, ఈ రెండు మాటలతో మూడు వారాలు నడిపించింది. టైముకి మాత్రం నిమిషం తేడా రాదు, పొద్దున 7:30 అంటే 7:30, మాత్ర లెక్క కుదిరింది.

చిన్న చిన్న భయాలు కూడా వాట్సాప్‌లో వాయిస్ పెడితే సాయంత్రానికి తీర్చేది. కుట్టు పక్కన బయటివైపు చర్మం మొద్దుబారి ఉంటుంది, కొంత అలాగే ఉండిపోవచ్చు. నడిస్తే లోపల టక్‌టక్ మంటుంది, అది కీలు చప్పుడే. మోకాలు నెలల తరబడి వెచ్చగా ఉంటుంది. నిద్ర మాత్రం రెండు నెలలు సరిగ్గా పట్టదు, దానికి ఎవరి దగ్గరా మందు లేదు. ఎర్రబడి, జ్వరం వచ్చి, కుట్టులోంచి నీరు కారితే మాత్రం వాయిస్ మెసేజులు కాదు, నేరుగా డాక్టర్ దగ్గరికే.

మా అమ్మాయి ఇంటర్నెట్లో చదివి చెప్పింది, అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు మూడొందల మంది మీద చూసి 2020లో రాశారట, ఇంట్లో స్క్రీన్ చూసి ఫిజియో చేసినవాళ్ళు మూడు నెలలకి మామూలు పద్ధతిలో మనిషి దగ్గర చేయించుకున్నవాళ్ళ కంటే ఏం తక్కువ కాలేదని, ఖర్చు కూడా తగ్గిందని. నేను కాదనను. కానీ అక్కడ మనిషి కదలికని కొలిచే కెమెరా ఉంది, వెనక నుంచి ఫిజియో లెక్కలు చూసేవారు. నాకున్నది బియ్యం డబ్బాకి ఆనించిన ఫోన్. రెండింటినీ వీడియో ఫిజియో అనే అంటున్నారు, మీకు అమ్మేది ఏ రకమో అడగండి. కాలు చాపడం ఎవరు, ఎప్పుడు, దేనితో కొలుస్తారు అని కూడా అడగండి, డబ్బు కట్టకముందే.

డబ్బు సంగతి. హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుని నాలుగేళ్ళు దాటింది కాబట్టి ఆపరేషన్ బిల్లు చాలావరకు వచ్చింది. డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చులు కూడా ఇస్తామని రాసుంది. మే నెలలో పెడితే ఇంటికొచ్చిన ఫిజియో డబ్బు ఇచ్చారు, డాక్టర్ గారు ఎన్ని వారాలు కావాలో చీటీలో రాశారు కాబట్టి, ఆ కుర్రాడు రిజిస్ట్రేషన్ నంబరుతో రసీదులు ఇచ్చాడు కాబట్టి. వీడియో డబ్బు ఇవ్వలేదు, అది ఔట్‌పేషెంట్ సలహా, అంటే ఆస్పత్రిలో చేరకుండా తీసుకునే సలహా కిందకి వస్తుందట. రెండుసార్లు రాశాం, అదే జవాబు. అదే కాలు, అదే ఎక్సర్‌సైజు, డాక్టరే రాసిచ్చింది, ఎందుకివ్వరో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, దూరపు ఊళ్ళవాళ్ళకి ఇది అన్యాయం. వాకర్, మేజోళ్ళు, ఐస్ ప్యాకులు, ఎత్తు సీటు కలిపి ఆరువేలు దాకా సొంతంగా పెట్టుకున్నాం.

ఉగాదికి చేతికర్రతో గుడికి వెళ్ళాను, ఏప్రిల్ 15 చెకప్‌కి కర్ర కూడా వద్దన్నారు, వంగడం 118, చాపడం పూర్తి. ఇప్పుడు సెప్టెంబర్, మార్కెట్‌కి నడిచి వెళ్తున్నాను. కింద కూర్చోవడం మానేశాను, పూజ కూడా కుర్చీలోనే.

కుడి మోకాలికి కార్తీకం వెళ్ళాక డేట్ తీసుకున్నాను. ఈసారి ఇంటికొచ్చిన మర్నాటి నుంచే కుర్రాడు వస్తాడు, పిన్నులు తీసేదాకా రోజూ, ఆ తర్వాత ఆరో వారం దాకా రోజు విడిచి రోజు. కోణం కొలిచే స్కేల్ ప్లాస్టిక్‌ది ఆన్‌లైన్‌లో మేమే కొన్నాం, ప్రతి శనివారం వంగడం, చాపడం రెండూ కొలిచి మా వారు డైరీలో రాస్తారు. ఆ తర్వాత వీడియో అమ్మాయి. ఆమె డబ్బు ఇన్సూరెన్స్‌లో రాదని తెలిసే పెట్టుకుంటున్నాను. కుర్రాడు ఈసారి 600 అడిగాడు, పొద్దున 8కి రావాలి, రాని రోజు ముందు రాత్రే చెప్పాలి అన్నాను, సరేనన్నాడు.